మా రోజుల్లో డంపైనా వచ్చేది

మా రోజుల్లో డేటా కోసం వెతుకులాట అన్నదే లేదు. కోబాల్ కాపీబుక్ తెరిస్తే 01 లెవెల్లో రికార్డు, దాని కింద 05లో చిరునామా, దాని లోపల 10లో పిన్‌కోడ్. ఫలానా స్థానంలో మొదలు, ఆరు అంకెలు, అంతే. పంపేవాడూ తీసుకునేవాడూ ముందే కూర్చుని ఒప్పుకున్న లెక్క అది. ఒక్క ఫీల్డు జరపాలన్నా నలుగురి సంతకాలు కావాలి.

ఇప్పుడో? జేసన్ వచ్చిపడుతుంది. బ్రాకెట్లో బ్రాకెట్, దాని కడుపులో ఇంకోటి. మా టీములో కుర్రాడు దాన్ని తెరిచి కూడా చూడడు. "$.ఆర్డర్లు[0].చిరునామా.పిన్‌కోడ్ అంటే వచ్చేస్తుంది సార్" అంటాడు. నిజమే, వస్తుంది. (మాకు మొదటిదంటే ఒకటి, వీళ్లకి సున్నా. పోనీయండి.) ఇంకా బద్ధకమేస్తే రెండు చుక్కలు పెడతాడు: $..ధర. ఎంత లోతున ఉన్నా ధర అన్న పేరున్నదల్లా పోగేసుకొస్తుంది. పుస్తకం ధర, డెలివరీ ధర, రద్దయిన సరుకు ధర కూడా. అన్నీ కూడేసి ఇదే మొత్తం అంటాడు.

ఈ దారి రాతని, అంటే జేసన్‌పాత్‌ని, స్టెఫాన్ గోస్నర్ 2007లో ప్రతిపాదించాడు, 1999 నాటి ఎక్స్‌పాత్‌ని చూసి. ప్రామాణికం మాత్రం 2024 ఫిబ్రవరిలో గానీ రాలేదు, ఆర్ఎఫ్‌సీ 9535 అని. ఈలోగా లైబ్రరీకో భాష్యం. చివరిది కావాలని [-1] అంటే ఒకటి ఇచ్చేది, ఇంకోటి మొహం తిప్పేసుకునేది.

నా అసలు ఏడుపు అది కాదు. మా రోజుల్లో అంకె ఉండాల్సిన చోట చెత్త పడితే, కూడబోయిన క్షణాన ఎస్0సీ7 అని జాబ్ కుప్పకూలేది. అర్ధరాత్రి ఫోను. డంపు ప్రింటు తీసి, హెక్సాలో ఏ రికార్డు చెడిందో వేలు పెట్టి చూపించేవాళ్లం. మొన్న అవతలివాళ్లు పిన్‌కోడ్ అన్న పేరు మధ్యలో ఒక అండర్‌స్కోర్ ఇరికించారు. పాత్ కిక్కురుమనలేదు. ఖాళీ జాబితా ఇచ్చి ఊరుకుంది. రూలు ప్రకారం అది తప్పే కాదట. రిపోర్టులో కాలమ్ తెల్లగా మెరుస్తోంది. ఫార్మాటు బాగుందన్నారు మేనేజరుగారు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే 12వ వెర్షన్ నుంచీ పాత్ ముందు స్ట్రిక్ట్ అని రాసే వీలుంది. అప్పుడు లేని పేరు అడిగితే ఎర్రర్ ఇస్తుంది. రాయకపోతే లాక్స్, చూసీచూడనట్టు పోవడమే. "ఆ ఒక్క మాట రాయి నాయనా" అన్నాను.

"రాస్తే క్వెరీ ఫెయిలవుతుంది కదా సార్?"

ఫెయిలవ్వాలనే కదయ్యా రాయమంది!