మూడు లక్షల మినహాయింపు

ఆదాయపు పన్ను శాఖవారికి తెలుగు నవలాకారుడి మీద ఉన్నంత నమ్మకం కట్టుకున్న భార్యకు కూడా ఉండదు. వారి చట్టంలో రచయితల కోసమే ఒక సెక్షన్ ఉంది. సాహిత్యం రాసి రాయల్టీ గడించినవాడికి ఏడాదికి మూడు లక్షల దాకా మినహాయింపు. కొత్త పన్ను విధానంలో ఉంటే అది దక్కదట. దక్కలేదని ఏ నవలాకారుడూ ధర్నాకు దిగినట్టు వినలేదు.

ఈ మూడు లక్షలూ పూర్తిగా వాడుకోవాలంటే ఏం చెయ్యాలి? పుస్తకం వెల 200 అనుకోండి. పది శాతం రాయల్టీ ఇచ్చే ధర్మాత్ముడు దొరికాడనీ అనుకోండి. కాపీకి 20 రూపాయలు. ఏడాదిలో పదిహేను వేల కాపీలు పోవాలి. మనవాళ్లు వేసుకునేది ఐదొందలు. అంటే సంక్రాంతికీ సంక్రాంతికీ మధ్య ముప్పై ముద్రణలన్నమాట! చట్టం రాసినవారు అంతటితో ఆగలేదు. అమ్మిన పుస్తకాల విలువలో పదిహేను శాతం దాటిన రాయల్టీని లెక్కలోకి తీసుకోబోమని ముందే హెచ్చరించారు. అంతకు మించి ఇచ్చే ప్రచురణకర్త అడ్రసు వారి దగ్గరుంటే పుణ్యముంటుంది, మాకూ కాస్త చెప్పాలి. గైడ్లకూ, డైరీలకూ, బడి పాఠ్యపుస్తకాలకూ మాత్రం మినహాయింపు లేదు. నిజంగా అమ్ముడుపోయేవేమిటో ఆ శాఖకు తెలియకపోలేదు.

నవలలు రాసి దర్జాగా బతికినవాళ్లు లేరా అంటే ఉన్నారు. వారపత్రికలు సీరియల్ కోసం ఎదురుచూసిన రోజులవి. యద్దనపూడి సులోచనారాణి రాస్తే నవల నిర్మాత ఇంటిదాకా నడిచివెళ్లేది: ‘మీనా’, ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’. వీధి మలుపులో అద్దె లైబ్రరీ ఉండేది. అట్ట ఊడిన నవలకు కాకీ అట్ట కుట్టి, చివరి పేజీ చిరిగిపోయినా సరే మళ్లీ తిప్పేవారు. ఆ అద్దెలో రచయితకు పైసా ముట్టేది కాదు గానీ, చదివే నాథుడైనా ఉండేవాడు. తర్వాత సీరియల్ టీవీలోకి వెళ్లింది. పాఠకుడు కూడా దాని వెంటే వెళ్లాడు.

ఆ నాలుగు రోజుల వైభవం పక్కన పెడితే, తెలుగు నవలను పోషించిన మహారాజు నెల జీతమే. కాకుంటే ప్లీడరు ఫీజు. ఉన్నవ లక్ష్మీనారాయణ బారిస్టరు, రావిశాస్త్రి వకీలు. విశ్వనాథ కాలేజీలో పాఠాలు చెప్పారు, బుచ్చిబాబు ఆకాశవాణిలో పనిచేశారు, కొడవటిగంటి ‘చందమామ’లో కూర్చున్నారు. మన విమర్శకులు వీరి నవలల వెనక మార్క్స్‌నూ ఫ్రాయిడ్‌నూ వెతికారు గానీ, ఒకటో తారీఖును ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు జీతం చాలదు, పీఎఫ్ లోను కావాలి. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, ప్రెస్సు, బైండింగు... అంతా నగదే. షాపులో కమీషను పోగా మిగిలిందేమైనా ఉంటే ‘లెక్కలు చూసి చెప్తాం సార్’. ఆపైన ఆవిష్కరణ సభ. హాలు అద్దె, ఫ్లెక్సీ, వక్తలకు క్యాబులు, శాలువాలు, మిరపకాయ బజ్జీలు. ముఖ్య అతిథి ‘పుస్తకం నిన్న రాత్రే అందింది, ఇంకా తిరగెయ్యలేదు’ అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడతాడు. గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలూ, పక్కన క్యూఆర్ కోడూ. దాని మీద నుంచే చెయ్యి చాచి బజ్జీ అందుకుంటారు తప్ప, ఫోను ఎవరూ తియ్యరు. వెళ్తూ వెళ్తూ ఓ కుర్రాడు ఆప్యాయంగా భుజం మీద చెయ్యేస్తాడు. ‘అన్నా, పీడీఎఫ్ ఉందా?’

మొన్న మా ఆడిటర్ గారిని అడిగాను, సభలో కప్పిన శాలువాలకు పన్ను పడుతుందా అని. శాలువా ఆస్తి కిందికి రాదండీ, నిశ్చింతగా కప్పించుకోండి అన్నారు. ఫైలు మూసి, తలుపు వైపు ఓసారి చూసి, సొరుగులోంచి ఓ లావుపాటి కట్ట తీశారు. నాలుగొందల పేజీల నవల. సొంతంగా వేసుకుంటే ఎంతవుతుందని అడిగారు. చెప్పాను. లాభనష్టాలు మీకు నేను చెప్పాలా అని కూడా అన్నాను.

‘ఏమో సార్,’ అన్నారాయన, ‘యండమూరి వీరేంద్రనాథ్ గారూ చార్టర్డ్ అకౌంటెంటే కదండీ!’