బాడీ ఎవరిది?

పాతకాలపు విలాస కార్ల ప్రేమికులలో ఒక ఉపజాతి కనిపిస్తుంది. వీరికి కారు కంటే దానికి బాడీ కట్టినవారి మీదే భక్తి ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారును అమ్మేది కాదనీ, ఇంజను, చక్రాలు, ఉక్కు చట్రం కలిసిన ఛాసిస్‌ను మాత్రమే ఇచ్చేదనీ, దానిపై కొన్నవారి కోరిక ప్రకారం బాడీ కట్టే బార్కర్, హూపర్ వంటి సంస్థలను కోచ్‌బిల్డర్లు అంటారనీ తెలిసిన నాటి నుంచి ఈ జాతి మనిషి ఏ కారునూ సుఖంగా చూడలేడు, పక్కవారిని చూడనివ్వడు. పెళ్లిపందిట్లో ఫోను పట్టుకొని "బాడీ ఎవరిది? ఇన్నాళ్లూ ఎక్కడ ఉంచారు?" అని గట్టిగా అడిగి, అక్షింతలు పట్టుకున్న పెద్దలను ఉలిక్కిపడి లేచేలా చేయడం ఇతనికే చెల్లింది.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ ముందు ఇతని విద్వత్తు కట్టలు తెంచుకుంటుంది. అది నిజాం గారి రోల్స్ రాయిస్ అని ఎవరైనా అంటే చాలు, బాడీ లండన్‌కు చెందిన బార్కర్ వారిదనీ, కారు చేయించిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే కన్నుమూయగా అది ఏడో నిజాంకు దక్కిందనీ, వెనుక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారనీ మొదలుపెట్టి, పిల్లలు బిర్యానీ కోసం ఏడుస్తున్నా, భార్య మెట్ల మీద కూలబడినా ఆపడు. చెప్పేదంతా నిజమే కావడం వల్ల అతనికి ఎదురాడే వీలు కూడా ఉండదు. బంధువుల అసలు బాధ అదే.

సంఖ్య పెరిగేకొద్దీ ఇతని ప్రేమ తరుగుతుంది. 1952 నుంచి 1955 వరకు తయారైన బెంట్లీ ఆర్ టైప్ కాంటినెంటల్ కార్లు మొత్తం 208 కాగా, వాటిలో 193కు బాడీ కట్టినది హెచ్.జె. మలినర్ సంస్థ, ఇతని లెక్కలో ఆ 193 సంతలో సరుకు. మిగిలిన 15 పేరెత్తితే కళ్లలో వెలుగు వస్తుంది, వాటిలో ఇటలీకి చెందిన ఫారీనా కట్టిన ఒకే ఒక్క కారు దగ్గర గొంతు పూడుకుపోతుంది. విడి ఛాసిస్ అవసరం లేకుండా బాడీయే చట్రంగా పనిచేసే రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో 1965లో రావడం ఆ కోచ్‌బిల్డర్ల కళకు చావుదెబ్బ కాబట్టి, ఆ సంవత్సరం మాట వస్తే ఆ పూట భోజనం సరిగా చేయడు. ఏ వింటేజ్ కారు కనబడినా, మోకాళ్ల నొప్పి మరిచి వంగి, తలుపు కింద కోచ్‌బిల్డర్ పేరు చెక్కిన చిన్న రేకు కోసం కళ్లద్దాలు సవరించుకుంటూ వెతికే ఆ క్షణంలో మాత్రం అతనిని విసుక్కోవడానికి ఎవరికీ మనసు రాదు.

అయితే ఛాసిస్ కొని తెచ్చి, మేస్త్రీని పక్కన నిలబెట్టుకొని, తనకు కావలసినట్లు బాడీ కట్టించుకునే ఆచారం లారీ యజమానుల పుణ్యమా అని విజయవాడ ఆటోనగర్‌లో నిన్నమొన్నటిదాకా వర్ధిల్లినదేనన్న సంగతి ఈ పండితునికి పట్టదు. అటుగా వెళ్లవలసి వస్తే దుమ్మని కారు అద్దాలు ఎత్తేస్తాడు. బార్కర్ పనివారు రేకును చేత్తో సాగగొట్టిన నేర్పును గంటసేపు పొగడి, తన చిన్నకారు తలుపు సొట్టను అదే విధంగా సుత్తితో సరిచేసిన టింకరింగ్ మేస్త్రీ అడిగిన కూలిలో సగం కోసి ఇవ్వడం ఈ జాతి అంతటికీ ఉన్న లక్షణం.