పంపుకి పూజ, టాంకుకి ఉపవాసం

దసరా నాడు మన బండ్ల వైభోగం చూసి తీరాలి. హ్యాండిల్‌కి బంతిపూల దండ, టాంకు మీద గంధం, నంబరు ప్లేటుకి కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, ఎదురుగా గుమ్మడికాయ. హారతి ఇచ్చాక యజమాని కళ్లకద్దుకుని భక్తిగా తాళం తిప్పుతాడు. మీటరులో పెట్రోలు గుర్తు మిణుకు మిణుకుమంటుంది. ఆయన పట్టించుకోడు. వినాయక చవితి నుంచీ అది అలా మిణుకుతూనే ఉంది మరి.

వెనకటి బండ్లకి ఖాళీ టాంకుతో గొడవ లేదు. టాంకు పైన, కార్బురేటర్ కింద, మధ్యలో ఒక కుళాయి. పెట్రోలు తనంతట తనే దిగేది. బండి ఆగిపోతే చెయ్యి కిందికి పోనిచ్చి కుళాయిని రిజర్వులోకి తిప్పడం, అదీ అయిపోతే బండిని పక్కకి వంచి, లేపి, చోక్ లాగి, టాంకు మూత తీసి నోటితో ఊది, ఇంకో కిలోమీటరు రాబట్టడం మన నాన్నల తరం విద్య. చేతక్ స్కూటరుని వంచని మధ్యతరగతి మనిషి ఆ రోజుల్లో ఎక్కడా ఉండేవాడు కాదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. స్ప్లెండర్ మొదలుకుని కొత్త బండ్లలో చాలా మటుకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. కుళాయి పోయి, టాంకులోనే మునిగి ఉండే కరెంటు పంపు వచ్చింది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు ‘జుయ్’మని వినిపించేది అదే. పెట్రోలుని సుమారు మూడు బార్ల ఒత్తిడితో ఇంజెక్టరుకి తోస్తుంది. బండి మారింది, మన విద్య మాత్రం చేతక్ దగ్గరే ఆగిపోయింది.

ఆ పంపు సంగతి కొంచెం చెప్పాలి. అది తోసే పెట్రోలు దాని పొట్టలోంచే వెళ్తుంది. మోటారు చుట్టలు, బ్రష్‌లు అన్నీ పెట్రోల్లో నానుతూనే తిరుగుతాయి. (మంటకి కావలసిన గాలి అక్కడ ఉండదు కాబట్టి అంటుకోదు, కంగారు పడకండి.) వేడెక్కితే చల్లార్చేదీ ఆ పెట్రోలే, అరిగిపోకుండా కాపాడేదీ ఆ పెట్రోలే. దానికి గ్రీజు పెట్టక్కర్లేదు, ఆయిలు పొయ్యక్కర్లేదు, నెలనెలా విప్పి చూడక్కర్లేదు. అది అడిగేదల్లా టాంకులో కాస్త పెట్రోలు. ఆ ఒక్కటీ తప్ప మనం దానికి అన్నీ చేస్తాం.

ఎందుకు పోయించం? చేతికొచ్చిన రోజు కూలీలోంచే పెట్రోలు కొనుక్కోవాల్సిన మనిషిని నేను అనడం లేదు, ఆయన లెక్క ఆయనకి తప్పదు. లక్ష రూపాయల బండి మీద కూర్చుని, పాతిక వేల ఫోను తీసి, బంకు కుర్రాడి ముందు వంద రూపాయలు స్కాన్ చేసే మారాజు గురించే నా బాధ. హైదరాబాదులో లీటరు వంద దాటింది 2021 జూన్‌లో. అప్పటి నుంచీ ఆ వందకి లీటరు కూడా రావడం లేదు. అయినా నోట్లోంచి ‘వంద కొట్టు’ తప్ప ఇంకో మాట రాదు. మరీ తెలివైనవాడైతే ‘నూటపది కొట్టు’ అంటాడు. వందకీ రెండొందలకీ మిషన్‌లో ముందే ఏదో మతలబు చేసి పెడతారట, నూటపది అంటే బంకువాడు బిత్తరపోతాడట. అనుమానముంటే కొలిచి చూపించమని అడగొచ్చు, ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉంచాలి. కానీ అడగాలంటే అయిదు లీటర్లు ఒక్కసారిగా చూసేంత ధైర్యం కావాలి కదా.

ఫుల్ టాంక్ ఎందుకు కొట్టించవయ్యా అంటే వీళ్ల దగ్గర శాస్త్రం ఉంది. బరువు పెరిగి మైలేజీ పడిపోతుందట. స్ప్లెండర్ టాంకు నిండా పోస్తే 9.8 లీటర్లు. పెట్రోలు నీళ్లకంటే తేలిక, మొత్తం కలిపినా ఏడున్నర కిలోలు దాటదు. ఈ లెక్క చెబుతున్నప్పుడు వెనక సీట్లో తొంభై కిలోల బావమరిది కూర్చుని తల ఊపుతుంటాడు. నిజానికి అసలు కారణం ఆ బావమరిదే. టాంకు నిండుగా ఉందని తెలిస్తే ‘బావా, బండి ఒకసారి’ అంటాడు. కాబట్టి టాంకు ఎప్పుడూ ఖాళీగా ఉండటం కుటుంబ భద్రతా వ్యవహారం. దానికి బలయ్యేది పంపు.

ఈ భద్రతా వ్యవస్థ ఎంత గట్టిదో 2024 జనవరి 2న హైదరాబాద్ చూసింది. హిట్ అండ్ రన్ చట్టం మీద ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మెకి దిగారు. పూట గడవకముందే బంకుల ముందు బారులు, తోపులాటలు. రెండు రోజులకి సరిపడా పెట్రోలు ఎవడి బండిలోనూ ఉన్నట్టు లేదు. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి పార్సిల్ ఇవ్వడానికి బయల్దేరాడు. దేశమంతా ఆ వీడియో చూసి నవ్వింది. నాకైతే నగరం మొత్తం మీద ఆ రోజు ముందుచూపున్న మనిషి అతనొక్కడే అనిపించాడు. గుర్రానికి పంపు లేదు.

మీటరులో పెట్రోలు గుర్తు వెలిగిన మరుక్షణం పంపు కాలిపోతుందని నేననను. అడుగున చెత్తంతా అప్పుడే లాగుతుందని భయపెట్టేవాళ్ల మాటా నమ్మకండి. పంపు ఎప్పుడూ తాగేది అడుగునుంచే, మూతికి జల్లెడ ఉంటుంది. అసలు చేటు చివరి బొట్టు దాకా తోలడంలో ఉంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఉన్న కాస్త పెట్రోలూ టాంకులో ఒక పక్కకి ఒరుగుతుంది, పంపు గాలి మింగుతుంది, తడి లేకుండా తిరుగుతుంది, వేడెక్కుతుంది. ఇలా ఒకసారి కాదు, ఏళ్ల తరబడి. ఆఖరికి ఒక పొద్దున తాళం తిప్పితే ‘జుయ్’ ఉండదు.

అప్పుడు మొదలవుతుంది రెండో అంకం. ‘జుయ్’ లేదంటే పంపు పోయినట్టేనని తీర్పు చెప్పేవాళ్లు వీధికొకరు. మా వీధిలో ఒక పెద్దాయన బండిని మెకానిక్ దగ్గరికి చెమటలు కక్కుతూ తోసుకెళ్లాడు. ఆ మెకానిక్ మంచివాడు. టాంకు మీద చెవి ఆనించి విన్నాడు, హ్యాండిల్ దగ్గరున్న ఎర్ర స్విచ్ నొక్కాడు, మళ్లీ విన్నాడు. ‘మనవడు ఆడుకున్నాడా సార్?’ అన్నాడు. కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉంటే చాలా బండ్లలో పంపుకి కరెంటే వెళ్లదు. ఇదే బండి సర్వీసు సెంటరు ఏసీ గదిలో టై కట్టుకుని కూర్చున్న సలహాదారు దగ్గరికి వెళ్లి ఉంటే పంపు అసెంబ్లీ మొత్తం మార్చాలని వేలల్లో అంచనా చేతికొచ్చేది. ఫ్యూజు పోయినా, రిలే పట్టేసినా, బ్యాటరీ నీరసించినా, బండి కింద పడినప్పుడు ఇంజను ఆపే సెన్సారు మొండికేసినా పంపు నోరెత్తదు. ఇవన్నీ చూడటానికి ఒక టెస్టు ల్యాంపు, పావుగంట ఓపిక చాలు. వాటికి బిల్లులో గడి లేదు. ‘ఫ్యూయల్ సిస్టమ్ క్లీనింగ్’ అని మాత్రం ఉంది, బండి కొన్న ఏడాదికే. విప్పింది లేదు, కడిగింది లేదు, టాంకులో ఒక సీసా వంపుతారు. ఆ సీసాకి మళ్లీ వేరే గడి.

ఈ మధ్య బండి యజమానికీ సర్వీసు సెంటరుకీ కలిసి ఒక ముద్దాయి దొరికాడు, ఇథనాల్. ఇందులో సర్కారుని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. 2030కి అనుకున్న ఇరవై శాతాన్ని 2025కే కలిపేశారు. పది శాతానికి సర్దిన టూవీలర్లకి మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. తగ్గిన మైలేజీకి తగ్గట్టు ధర తగ్గించారా అంటే లేదు. పాత బండ్ల రబ్బరు గొట్టాల మాట అడిగితే సర్వీసింగులో మార్చించుకోమన్నారు. ఇథనాల్ తేమని లాక్కుంటుంది, నీళ్లు మరీ ఎక్కువైతే విడిపోయి అడుక్కి చేరతాయి. అంతా నిజమే. కానీ ఆ నీళ్లు లోపలికి ఎలా వచ్చాయి? ఆదివారం వాటర్ సర్వీసింగ్‌కి వెళ్లి చూడండి. కుర్రాడు ప్రెషర్ గన్ తీసుకుని సరిగ్గా టాంకు మూత తాళం కన్నంలోకే గురిపెడతాడు. మూత చుట్టూ పడ్డ నీళ్లు పోవడానికి సన్నటి దారి ఉంటుంది, అది మట్టితో ఎప్పుడో పూడింది. యజమాని పక్కనే నిలబడి ‘అక్కడ ఇంకొంచెం కొట్టు తమ్ముడూ’ అంటాడు. నెల తర్వాత బండి కొట్టుకుంటూ నడుస్తుంటే టీ కొట్టు దగ్గర ఇథనాల్ మీద ఉపన్యాసం. ఆడలేక మద్దెల ఓడు అనడంలో మనల్ని మించినవాళ్లు లేరు, ఈసారి మద్దెలకీ కాస్త చిల్లుండటం కలిసొచ్చింది.

ఇక బంకుల్లోనే అమ్మే అడిటివ్ సీసాల సంగతి. వాటి మీద చీమ తలకాయంత అక్షరాలతో ఇన్ని లీటర్లకి ఇంత కలపాలని రాసి ఉంటుంది. అది చదివిన కొనుగోలుదారు ఇంతవరకు నాకు తారసపడలేదు. మొన్న మా ఊరి బంకులో నా ముందున్నాయన బండి దిగకుండానే మూత తీశాడు.

“ఎంత కొట్టమంటారు సార్?”

“నూటపది.”

“అడిటివ్ వెయ్యమంటారా? పంపు క్లీనవుతుంది సార్. నూట యాభయ్యే.”

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు.

“వెయ్యి, వెయ్యి. పంపు దగ్గర కక్కుర్తి పడకూడదు.”