బొటనవేళ్ల బ్యాచ్

ఏకలవ్యుడు గురువుగారికి బొటనవేలు ఒక్కసారే ఇచ్చాడు. మా 1999 పదో తరగతి బ్యాచ్‌వాళ్లు రోజుకు నలభైసార్లు ఇస్తారు. గుడ్ మార్నింగుకి బొటనవేలు, ఎవరో పోయారన్న కబురుకీ బొటనవేలు, 'టీ షర్టు డబ్బులు రేపటిలోగా వేయండిరా' అంటే దానికీ బొటనవేలే. ఇవ్వనిదల్లా ఆ 350 రూపాయలు.

ఆత్మీయ సమ్మేళనం అన్నాక ఫంక్షన్ హాలు, మాస్టార్లకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు ఎలాగూ ఉంటాయి. వాటితో ఊరుకుంటే ఎలా? అందరం ఒకే టీ షర్టు తొడుక్కుని డ్రోన్ కింద నిలబడాలట. ఈ ముచ్చట మొదట ఎవరికి పుట్టిందో గుర్తులేదు గానీ, 'ఎక్కడ కొట్టిస్తార్రా?' అని అడిగినవాణ్ణి మాత్రం నేనే. మన దగ్గర ప్రశ్న అడిగినవాడే కన్వీనరు.

మొదటి తగువు రంగు దగ్గర. పసుపు అన్నాను. 'ఏం, సైకిలెక్కావా?' అన్నారు. గులాబీ అంటే కారు, కాషాయం అంటే కమలం. ఎరుపు అన్నందుకు మాత్రం ఎవరూ కోప్పడలేదు, జాలిపడ్డారు. నీలం, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టేసరికి ఫ్యాను తిరిగిందన్నారు. 2020లో ఆంధ్రాలో పంచాయతీ భవనాలకు పూసిన పార్టీ రంగులు తీసేయమని హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. గోడలకైతే కోర్టులున్నాయి, మా బొజ్జలకు ఎవరు దిక్కు? పోనీ బూడిద రంగు అన్నాను. 'ఇంకా బతికే ఉన్నాంగదరా' అన్నాడొకడు. 12 రంగులతో పోల్ పెడితే 64 మందికి 111 ఓట్లు పడ్డాయి. ఓటేసిన ఒక్కొక్కడూ మూడేసి రంగులు నొక్కి, ఆనక ఏ రంగయినా పర్లేదన్నాడు. చివరికి ప్రింటింగు షాపాయన దగ్గర స్టాకున్న నేవీ బ్లూ గెలిచింది.

తర్వాత సైజులు. 'మీకు సరిపోయే చొక్కా ఒకటి మంచం మీద పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా టేపు పెట్టి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి పంపండి' అని రాశాను. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం మా లెక్కల మాస్టారి వల్ల కూడా కాదు. జవాబులు వచ్చాయి. 'ఎమ్'. 'మామూలు సైజే'. 'నీకు తెలుసుగా'. 'మా ఆవిణ్ణి అడిగి చెప్తా'. ఒకడు నడుము కొలిచి పంపాడు. ఇంకొకడు టేపు లేదని జానల్లో చెప్పాడు. ఎమ్ అంటే ఛాతీ 38 అంగుళాలు. ఎమ్ చాలన్నవాడి డీపీ తెరిచి చూశాను. చొక్కా బొత్తానికీ కాజాకీ మధ్య భార్యాభర్తల కోర్టు కేసంత ఎడం. 1999లో వాడు ఎమ్మే, అందులో అబద్ధం లేదు. ఆ ఏడాది దాటి రానన్నాడు, అంతే.

మా క్లాసు అమ్మాయిలు 22 మంది (ఇప్పుడు అందర్నీ గారు అనాల్సి వస్తోంది) సైజులూ డబ్బులూ ఒక్క సాయంత్రంలో తేల్చేశారు. ఒకావిడ లిస్టు రాసి, కూడిక వేసి, మొత్తం పంపేసింది. అయితే ఈ పనంతా ఆవిడకే అప్పగిద్దాం అన్నాను. 'ఆడవాళ్లనెందుకురా ఇబ్బంది పెట్టడం' అని పెద్దమనుషులు అడ్డుపడ్డారు. ఆ పెద్దమనుషుల్లో ముగ్గురి డబ్బులు ఇవాళ్టికీ రాలేదు.

రాకపోగా లెక్కలు అడిగారు. 'తిరుప్పూరులో 120కే ఇస్తార్రా, నువ్వు 350 అంటావేంటి?' తిరుప్పూరు బనీన్లకు పెట్టింది పేరు, కాదనను. అక్కడి ఫ్యాక్టరీలు వేల పీసుల్లో మాట్లాడతాయి. 64 అంటే ఫోను పెట్టేస్తారు. పైగా జీఎస్ఎమ్ అని ఒకటి ఏడిచింది, చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 180 తూగితే అది టీ షర్టు. 120 తూగేదానికి దోమతెరతో చుట్టరికం. ఇదంతా విడమరిచి రాస్తే, 'సర్లే, నీకెంత మిగులుతుందిరా?' అని వచ్చింది. దానికి తొమ్మిది నవ్వు బొమ్మలు.

ఇంతలో దాత దిగాడు. మావాడే, హైవే పక్కన ప్లాట్లు వేస్తుంటాడు. 'ఖర్చంతా నాదిరా. వెనకాల చిన్న లోగో, అంతే' అన్నాడు. చిన్న లోగో వచ్చింది. గుండె మీద స్కూలు రెండున్నర అంగుళాలు, వీపు మీద వెంచరు 11 అంగుళాలు. రెండు ఏనుగులు, నడుమ తోరణం, పైన ఉదయిస్తున్న సూర్యుడు, అంతటా బంగారు మెరుపు. స్క్రీన్ ప్రింటింగులో రంగుకో ఫ్రేము కట్టాలి. షాపాయన ఆ బొమ్మను చాలాసేపు చూసి, 'అన్నా, ఈ ఏనుక్కి మెరుపెందుకు?' అన్నాడు. ఫిల్ము మీద తీసి అతికించే పద్ధతి ఉందట, దానికి రేటు వేరట. దాతకు ఆ రేటు చెప్పాను. అప్పట్నుంచి ఆయన సిగ్నల్ లేని చోటే ప్లాట్లు చూపిస్తున్నాడు. లోగో తీసేద్దామంటే, 'మాటిచ్చాం గదరా, బాగోదు' అని ఆయన తరఫున నలుగురు లేచారు. డబ్బు తరఫున ఎవరూ లేవలేదు. నేనే లేచాను. ఏనుగులకు తెల్ల రంగు పూయించి నా జేబులోంచి కట్టాను.

ఇక మిగిలింది అక్షరాలు. ఫోన్లో టైపు చేసి పంపింది షాపు కంప్యూటర్లోని పాత డిజైనింగ్ సాఫ్ట్‌వేరులో పడగానే 'పూర్‌వ విద్‌యార్‌థుల' అయింది. ఒక్క వత్తూ కిందికి దిగలేదు, అన్నీ పొల్లులు పెట్టుకుని వరసలో నిలబడ్డాయి. యూనికోడ్ దానికి ఎక్కదు, అక్కడి చేతులు 'అను' ఫాంట్లకు అలవాటు. కుర్రాడు విసుక్కుంటూ మొత్తం మళ్లీ కొట్టాడు. ఆ ప్రూఫు గ్రూపులో పెట్టి, 'అక్షరం అక్షరం చూడండి, తర్వాత నన్ననొద్దు' అని రాశాను. 51 బొటనవేళ్లు, రెండు దణ్ణాలు, ఎందుకో ఒక కేకు.

సమ్మేళనం రోజు పెట్టె విప్పగానే డబ్బులివ్వనివాళ్లు ముందొచ్చారు. ఎమ్ అన్నవాళ్లు డబుల్ ఎక్సెల్ పట్టుకుపోయారు. నాకు మిగిలిన ఎమ్‌లోకి నేను ఎలా దూరానో ఇక్కడ రాయను. డ్రోన్ ఎగిరింది. వెంచరు కనపడేలా అందరం వీపులు తిప్పి నిలబడ్డాం.

తెలుగు మాస్టారికి ఎనభై దాటాయి. శాలువా సర్దుకుంటూ వేదిక దిగి మా వెనక్కి వచ్చారు. ఒక వీపు దగ్గర ఆగారు. పక్క వీపు చూశారు. ఆ పక్కదీ చూశారు. చేతికర్ర కొస నా భుజాల మధ్య, ఏనుగులకు జానెడు పైన, ఆనింది.

"విద్యార్ధులేమిట్రా? థ వత్తు ఉండాల్సిన చోట ధ వత్తు పెట్టిన వెధవెవడు?"

రంగులో, రేటులో, సైజులో కుదరని ఏకగ్రీవం అక్కడ కుదిరింది. 63 చూపుడువేళ్లు నావైపు లేచాయి.