ఏడాది పోతే పోయింది

మా రోజుల్లో చదువు మార్చుకోవడం నేరం కాదు. నేను 1973లో ఇంటర్ ఎంపీసీ పాసై బీఎస్సీలో చేరాను. రెండు నెలలు తిరక్కముందే లెక్కల మీద మనసు విరిగింది. పక్క గదిలో ఎకనామిక్స్ పాఠం జరుగుతుంటే కిటికీ పక్కన నిలబడి వినేవాణ్ని. ఒకరోజు సారు చూసి, ‘‘లోపలికొచ్చి కూర్చో’’ అన్నారు. వారం కూర్చున్నాను. ఇంటికెళ్లి చెబితే, ‘‘ఏడాది పోతే పోయిందిరా, మనసుకొచ్చింది చదువుకో’’ అన్నాడు నాయిన. మరుసటేడు బీఏలో చేరాను.

ఇప్పుడో? పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీయా, బైపీసీయా తేల్చేస్తున్నారు. మొన్న మా మనవడు ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ‘‘తాతా, నాకు హిస్టరీ చదవాలనుంది’’ అన్నాడు. ఇంటిల్లిపాదీ మీద పడ్డారు. కాలేజీ కోడు, బ్రాంచి కోడు వరసగా నొక్కడమే గానీ, ఆ బ్రాంచిలో ఏం చెబుతారని అడిగినవాళ్లు లేరు. 2016లో ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ‘దోస్త్’ వచ్చాక డిగ్రీ సీటు కోసం కాలేజీల చుట్టూ తిరిగే తిప్పలు తప్పాయి. అది మంచిదే. కానీ కిటికీలోంచి పిలిచే సారు తెర మీద దొరకడు.

పోనీ, ఇంత గట్టిగా బిగించారు కదా, పిల్లలు దారి మారడం ఆగిందా? యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి రెండో స్టేషన్ అమీర్‌పేటలో దిగండి. సివిల్, మెకానికల్ చదివిన పిల్లలు మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ జావా, టెస్టింగ్ నేర్చుకుంటున్నారు. నాలుగేళ్ల ఫీజు అక్కడ, మళ్లీ ఫీజు ఇక్కడ. పదిహేడేళ్లప్పుడు మారనివ్వని ఇల్లే ఇరవై రెండేళ్లకు అప్పు చేసి మారుస్తోంది.

పెద్దయ్యాక కొత్తది నేర్చుకోవడం ఇప్పటి వింతేం కాదు. మా యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈని ఒకప్పుడు సియెట్ అనేవారు. 1964లో కాకినాడ వ్యాపారులు 52 మంది ఆ సంస్థలో శిక్షణకు వచ్చారు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ చేసిన ప్రయోగమది. పెద్దవాళ్లలోనూ కొత్తగా సాధించాలనే తపన పెంచవచ్చా అన్నదే ఆయన ప్రశ్న. సంసారాలు, దుకాణాలు ఉన్నవాళ్లే కొత్తగా నేర్చుకోవడానికి అంతదూరం వచ్చారు. అలాంటిది పదిహేడేళ్లవాడికి దారి మూసేస్తామా?

ప్రతి కాలేజీలోనూ చేరేముందు వారం రోజులు ఏ క్లాసులోనైనా కూర్చుని వినే వీలుండాలి. ఫీజు కట్టకముందే పిల్లవాడికి తన మనసు తనకు తెలియాలి.

మనవడు హిస్టరీ అన్న రోజు రాత్రే వాడి అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, మా నాయిన నాతో అన్న మాటే చెప్పాను. ఏడాది పోతే పోయింది.