అనుమానం పోయింది

మా రోజుల్లో పోలీసులంటే జనానికి భయమూ ఉండేది, అనుమానమూ ఉండేది. ఇప్పుడు భయం అలాగే ఉంది, అనుమానం పోయింది. నాకు మింగుడు పడనిది ఇదే.

ఉదయం పూట పార్కులో నడిచేవాళ్ల మాటలు వినండి. షుగరు మాత్రలు, మోకాళ్ల నొప్పులు అయ్యాక పేపర్లోని ఏదో ఒక నేరం వార్త మీదికి మళ్లుతుంది మాట. వెంటనే తీర్పు కూడా వచ్చేస్తుంది: ‘అక్కడికక్కడే కాల్చి పారెయ్యాలి.’ ఈ మాట అనేది రౌడీలు కాదు. బ్యాంకుల్లో, బడుల్లో పనిచేసి రిటైరైన పెద్దమనుషులు. మనవరాళ్లను స్కూలు బస్సెక్కించి వచ్చినవాళ్లు.

1978లో నేను హైదరాబాదు నల్లకుంట పక్కన ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్ని. ఆ మార్చి నెలలో నల్లకుంట పోలీసు స్టేషన్లోనే రమీజా బీ అనే పేదింటి ఆవిడ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ రిక్షా తొక్కేవాడు. ఇదేం అన్యాయమని అడిగినందుకు అతన్ని కొట్టారు, ప్రాణం పోయింది. నగరం అట్టుడికిపోయింది. కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. ఆమె నడత మంచిది కాదని పోలీసుల తరఫున ఎన్ని మాటలన్నారో! జనం నమ్మలేదు. నమ్మినవాళ్లు కూడా ‘అయితే మాత్రం స్టేషన్లో ఆ పని చేస్తారా?’ అన్నారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరుకు వెళ్లి 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. అదీ చూశాం. కానీ ఒక రిక్షా కార్మికుడి కోసం గుమస్తాలు, విద్యార్థులు, హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లు రోడ్డెక్కడం కూడా చూశాం.

రమీజా బీ ఘటనకు మూడేళ్ల ముందు, ఎమర్జెన్సీ పెట్టిన నెలరోజులకు, గిరాయిపల్లి అడవిలో నలుగురు నక్సలైట్ యువకులు ఎన్‌కౌంటర్లో చనిపోయారన్నారు. అందులో సూరపనేని జనార్దన్ వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి. 1977లో తార్కుండే నిజనిర్ధారణ కమిటీ వచ్చి, ఎదురుకాల్పులు లేవు, పట్టుకొని చెట్లకు కట్టి కాల్చారని చెప్పింది. ఆ తర్వాత భార్గవా కమిషన్ వేశారు, న్యాయవాది కన్నబిరాన్ అక్కడ వాదించారు. ఆ ఎన్‌కౌంటర్ మీద పెట్టిన సభల కరపత్రాలకు అక్షరాలు పేర్చిన చేతులు ఇవి. మా ప్రెస్సు ఓనరు పక్కా కాంగ్రెసు మనిషి, నక్సలైట్ల పేరెత్తితే మండిపడేవాడు. ఆయనే అలాంటి ఒక కరపత్రాన్ని చేతిలోకి తీసుకొని ‘కోర్టులో నిలబెట్టాలిగానీ చెట్టుకు కట్టి కాల్చడమేందిరా’ అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి విప్లవకారుడు కానక్కర్లేదు.

హింస అప్పుడు తక్కువని నేననను. కారంచేడు మా రోజుల్లోదే. 1985 జూలైలో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. ఇప్పుడు పార్కులో కాల్చెయ్యాలనే పెద్దమనుషులకు నేను చెప్పేది చుండూరు గురించే. కళ్లముందు కొడుకులను పోగొట్టుకున్న తల్లులున్నారక్కడ. వాళ్లేమడిగారు? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు అడిగారు. ఆ కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టారు. పెట్టించుకున్నారు కూడా. 2007లో తీర్పు వచ్చేదాకా పదహారేళ్లు ఆగారు. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇంతకంటే ఘోరంగా కోర్టు ఎవరినీ దెబ్బ కొట్టలేదు. అయినా వాళ్లు పై కోర్టు వైపే చూశారుగానీ, ఫలానా పోలీసాయన్ను పంపి కాల్పించండి అనలేదు. ఎందుకనలేదంటే, ప్రభుత్వం చేతిలో తుపాకీ ఒకసారి లేస్తే అది ముందుగా ఎవరి గూడెం వైపు తిరుగుతుందో వాళ్లకు తెలుసు.

ఇక 2019కి రండి. అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. 48 వేల మంది, 52 రోజులు. సెప్టెంబరు జీతం కూడా చేతికి రాలేదు. డ్యూటీలో చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టేనని ప్రభుత్వం తేల్చేసింది. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. మా వీధిలో వినిపించిందేమిటి? ‘వీళ్లకు ఇంకా ఎంత కావాలి, బస్సుల్లేక చస్తున్నాం.’ నవంబరు 25న సమ్మె ముగిసింది. రెండు రోజులకు శంషాబాదు దగ్గర ఒక వెటర్నరీ డాక్టరమ్మ మీద అత్యాచారం చేసి చంపేశారు. ఆ బిడ్డను తలచుకుని నేనూ నిద్రపోలేదు. డిసెంబరు 6న తెల్లవారక ముందే చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారు. వంతెన మీది నుంచి జనం పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, పోలీసులకు రాఖీలు కట్టారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లంది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. ఆ పూలు చల్లినవాళ్లలో ఎంతమంది ఆ వార్త చదివారు? అసలు ఆ రాత్రి ఆ బిడ్డను చంపింది వీళ్లేనని ఏ జడ్జీ తేల్చాడు? ఇప్పుడిక తేల్చడానికి మనుషులే లేరు.

నాతో నడిచే ఒకాయన, నాకంటే చిన్నవాడు, ‘అన్నా, కోర్టుకు పోతే ఇరవై ఏళ్లు’ అంటాడు. నిజమే. చుండూరు చెప్పింది నేనేగా. అయితే ఖాళీగా ఉన్న జడ్జీ కుర్చీలు నింపమని, ఫోరెన్సిక్ ల్యాబులు పెంచమని ఎప్పుడైనా రోడ్డెక్కామా? ఎన్‌కౌంటర్ చావు ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ రాయాలని, స్వతంత్ర దర్యాప్తు జరగాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ముందు నోటీసివ్వకుండా, పదిహేను రోజులు గడువివ్వకుండా నిందితుడి ఇల్లయినా కూల్చొద్దని 2024 నవంబరులో చెప్పింది. వాటిని పాటించమనడానికి మనకు తీరిక లేదు. బుల్డోజరు వచ్చిందంటే మాత్రం ఫోన్లు తీసి నిలబడతాం.

కాల్చెయ్యమని ఎవరిని గురించి అంటున్నామో గమనించండి. లారీ క్లీనరు, కూలి కొడుకు, బస్తీ పిల్లాడు. కార్మికుల జీతంలో పీఎఫ్ కోసి ఆఫీసులో కట్టని కాంట్రాక్టరు గురించి పార్కులో ఎవరూ ఆ మాట అనరు. అనమని నేనూ చెప్పను, అతనికీ కోర్టే కావాలి. కానీ అది దొంగతనమని కూడా అనిపించకపోతే ఎట్లా? 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ప్రైవేటు సంస్థల్లో రోజు పని గంటలను తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. మా ప్రెస్సులో గంట ఎక్కువ పనిచేయిస్తే ఓవర్‌టైము ఎంతని అడిగేవాళ్లం. ఈ వార్త మీద మా పార్కులో ఒక్క నిమిషం మాట్లాడలేదు.

మొన్న మా అపార్ట్‌మెంటు సంఘం మీటింగులో కొత్త సీసీ కెమెరాలకు అందరూ ఇట్టే చేతులెత్తారు. స్కూటరు దొంగ దొరికితే కాళ్లు విరగ్గొట్టాలని కూడా అనుకున్నారు. వాచ్‌మన్ జీతం సంగతి నేను ఎత్తాను. భార్యాబిడ్డలతో సెల్లారులో ఒక్క గదిలో ఉంటాడు. రాత్రీ పగలూ గేటు దగ్గరే, వారానికో సెలవు కూడా లేదు. ‘ఇదే ఎక్కువ అంకుల్, ఇంకా తక్కువకు వచ్చేవాళ్లున్నారు’ అన్నాడు సెక్రటరీ. విషయాన్ని వచ్చే నెలకు వాయిదా వేశారు. కనీస వేతనాల జీవో ప్రింటు తీయించి పెట్టాను. ఈసారి మీటింగులో కెమెరాల లెక్క చదవక ముందే దాన్ని చదివి వినిపిస్తాను.