రెండు మామిళ్ల మధ్య పది మీటర్లు

నేను కొలత టేపును. పొడవు ముప్పై మీటర్లు. ఆగిరిపల్లిలో శోభనాచలం కొండ కనబడే తోటలో నా పని మొదలైంది. మా రైతు పెద్దరసం, బంగినపల్లి అంట్లు నాటిన రోజున మొక్కకీ మొక్కకీ పది మీటర్ల ఎడం నాతోనే కొలిచాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కొట్టంలో మేకుకు వేలాడాను.

ఈ ఏడు రథసప్తమి ఉత్సవాలు అయిన వారానికి, తోటంతా పూత మీదుండగా, ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాక ఇంటికి తెచ్చారు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, "నడక కొలవాలి, టేపు ఉందా అక్కా?" అంటే కోడలు నన్ను దులిపి ఇచ్చింది.

రెండు చెట్ల మధ్య నన్ను పరిచారు. సరిగ్గా పది మీటర్లు. అడుగు కుదురుకున్నాకే లెక్క మొదలవ్వాలని, రెండు మీటర్లు వెనక నుంచి నడిపించింది. 34 సెకన్లు పట్టింది. "సెకనుకు 0.4 మీటర్లు దాటితే గుమ్మం దాటి కొంత తిరగొచ్చు తాతయ్యా. 0.8 దాటితే ఊళ్లో ధైర్యంగా తిరగొచ్చు" అంది. ఆయనది 0.29.

తర్వాత అరికాళ్లకు తడి ముగ్గుపిండి పూసి, కొడుకు పక్కన పట్టుకోగా, గచ్చు మీద నడిపించింది. ఆ ముద్రల మీద నన్ను పెట్టింది. ఎడమ అడుగు 36 సెంటీమీటర్లు, కుడి అడుగు 20. ఈడుస్తున్నది ఎడమ కాలైతే, పొట్టిగా పడుతున్నది కుడి అడుగు! కుడి పాదం లేచినంతసేపూ బరువంతా ఎడమ కాలిదే. అది ఆనదన్న భయంతో కుడి పాదం వెంటనే నేలకు దిగిపోతోంది. అంతవరకూ ఎడమ కాలు ఎత్తించడమే వ్యాయామం. ఆ రోజు నుంచి కుడి పాదం పీట మీద పెట్టించి, కిటికీ ఊచలు పట్టించి, ఎడమ కాలి మీద నిలబెట్టింది.

కాయ కోతకొచ్చేసరికి కుడి అడుగు 31 అయింది. రెండు చెట్ల దూరం 21 సెకన్లకు దిగింది.

వచ్చే రథసప్తమికి స్వామి ఉత్సవానికి నడిచి వెళ్లాలని ఆయన కోరిక. అందుకు సెకనుకు 0.8 మీటర్ల లెక్కన ఈ పది మీటర్లూ 12.5 సెకన్లలో దాటాలి. ఇంకా 8.5 సెకన్లు తగ్గాలి. ఇప్పుడు నేను మేకుకు లేను, ఆయన మంచం పక్కనే ఉంటున్నాను.